పక్క సీటు ప్రొఫెసర్లు

అమెరికా విశ్వవిద్యాలయాలు మహా కష్టపడి, గ్రాంట్లు తెచ్చుకుని, గ్రాఫులు గీసుకుని ఒక సత్యాన్ని కనిపెట్టాయి. ఫిజిక్స్ అర్థం కాని పిల్లవాడికి, నిరుడే దాన్ని అర్థం చేసుకున్న పిల్లవాడు చెబితే అర్థమవుతుందట! ఈ సంగతి మన హాస్టళ్లలో పరీక్ష ముందురోజు రాత్రి ప్రతి గదిలోనూ రుజువవుతూనే ఉంటుంది. కాకపోతే ఇక్కడ దానికి గ్రాంటు లేదు, పేరూ లేదు. అక్కడ పేరుంది: లెర్నింగ్ అసిస్టెంట్.

2003లో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం ఈ పద్ధతి మొదలుపెట్టింది. డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లను ఏరి, వాళ్లు పాసై బయటపడ్డ కోర్సులోకే మళ్లీ తోలతారు. మన ఎమ్మెస్ పిల్లలు ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెట్టి బతిమాలుకునే టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) ఉద్యోగం కాదిది. వీళ్లు వారం వారం ప్రొఫెసరుతో కూర్చుని, రాబోయే పాఠంలో పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో మాట్లాడుకోవాలి. అది చాలదన్నట్టు, పాఠం ఎలా చెప్పాలో నేర్పే క్లాసుకు కూడా హాజరవ్వాలి. ఇక్కడ కాస్త ఆగండి. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో బోధన నేర్చుకుని మరీ క్లాసులో అడుగుపెట్టాల్సింది ఈ పందొమ్మిదేళ్ల పిల్లవాడు. ప్రొఫెసరు గారికి ఆ నిబంధన లేదు. ఆయనకు పీహెచ్‌డీ ఉంది కదా!

ఆ క్లాసు ఎలా ఉంటుందో చూడండి. బల్ల చుట్టూ నలుగురు, మధ్యలో చిన్న వైట్‌బోర్డు. పైకి విసిరిన బంతి కొసకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? నలుగురూ ఏకగ్రీవంగా సున్నా రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు. ప్రొఫెసరైతే ‘మైనస్ జీ’ అని చెప్పి తరవాతి స్లైడుకు పోతాడు. పిల్లలు అదే రాసుకుంటారు, పరీక్షలో అదే దింపుతారు, మనసులో మాత్రం సున్నానే నమ్ముతారు. లెర్నింగ్ అసిస్టెంట్ అమ్మాయి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. తప్పని అనలేదు.

“వేగం సున్నా, ఒప్పుకున్నాం. త్వరణం కూడా సున్నా అయితే, ఆ వేగం ఆ తరవాత మారుతుందా?”

“మారదు.”

“మరి బంతి?”

ఒకడు పైకప్పు వంక చూశాడు. “అక్కడే వేలాడుతుంది” అని, తన మాటకు తనే నవ్వి, సున్నా చెరిపేశాడు. అమ్మాయి లేచి పక్క బల్లకు వెళ్లిపోయింది. పోయినేడాది ఆమె రాసిందీ సున్నానే.

ప్రొఫెసరు ఈ పని చేయలేడా అంటారేమో. పాపం, ఆయనకు ఫిజిక్స్ మరీ బాగా తెలుసు. తెలియకపోవడం ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయి ముప్పై ఏళ్లయింది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు ఎరిక్ మజూర్ కథ ఇదే. పిల్లలిచ్చే రేటింగుల్లో ఆయనకు తిరుగులేదు. 1990 ప్రాంతంలో సరదాకన్నట్టు న్యూటన్ సూత్రాల మీద ఓనమాల్లాంటి ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చాడు. ఓ విద్యార్థికి సందేహం వచ్చింది: మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా? ఆ ఒక్క మాటకు హార్వర్డ్ ఫీజంతా వాపసు ఇచ్చేయాలి. ఇవ్వలేదనుకోండి. మజూర్ మాత్రం నిజాయితీపరుడు. ఎంత చెప్పినా బుర్రకెక్కని చోట విసిగి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడు. కొద్ది నిమిషాల్లో పిల్లలే తేల్చేశారు. ఆ తరవాత ఆయన దాన్నే తన పద్ధతి చేసుకున్నాడు.

ఇంకా రుజువు కావాలా? 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ బృందం బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక పోటీ పెట్టింది. ఒక సెక్షన్‌కు మంచి పేరున్న అనుభవజ్ఞుడి ఉపన్యాసం. ఇంకో సెక్షన్‌లో అనుభవం లేని కుర్ర బోధకులు పిల్లల చేత చర్చ చేయించి, లెక్కలు చేయించారు. వారం తరవాత పరీక్ష పెడితే ఉపన్యాసం విన్నవాళ్ల సగటు 41 శాతం, చర్చ చేసినవాళ్లది 74 శాతం. 2011లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది.

ఇంత తెలిశాక ఎవరైనా ఏం చేస్తారు? ఉపన్యాసం మానేస్తారు. చాలాచోట్ల మానలేదు. మూడు వందల సీట్ల హాలు అలాగే ఉంది, స్లైడ్లు అవే, ప్రొఫెసరు ఆయనే. కారిన చోటల్లా బకెట్లు పెట్టినట్టు లెర్నింగ్ అసిస్టెంట్లను పెట్టారు. పైకప్పు బాగుచేసే ఉద్దేశం ఎవరికీ లేదు, ఎందుకంటే ప్రొఫెసరు ఉద్యోగం పర్మనెంటయ్యేది పేపర్లతో, గ్రాంట్లతో. బంతి గాల్లో వేలాడితే ఆయనకు పోయేదేమీ లేదు.

ఇక బకెట్ల జీతం. కొన్నిచోట్ల కాస్త స్టైపెండు, కొన్నిచోట్ల గంటల లెక్కన కూలి. ఇంకొన్నిచోట్ల డబ్బు బదులు క్రెడిట్లు. క్రెడిట్లకు ఫీజు కట్టేదెవరు? ఆ కుర్రాడే. పనిచేసినవాడి దగ్గరే ఎదురు డబ్బు తీసుకునే ఈ లెక్క ఏ మేస్త్రీకీ తట్టలేదు. బ్రోషర్ ముఖచిత్రం మీద మాత్రం నవ్వుతూ నిలబడేది వాడే.

ఇదంతా కొత్తదనుకుంటున్నారా! ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరీ 18వ శతాబ్దం చివర్లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపాడు. దేశీ బడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ముచ్చటపడ్డాడు. తన పంతుళ్లు ఆ పని చేయబోమని మొరాయిస్తే, ఓ ఎనిమిదేళ్ల పిల్లవాడికి తరగతి అప్పగించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అని ఇంగ్లండు నెత్తిన పెట్టుకుంది. పిల్లల మీద ప్రేమ ఒక్కటే కాదు, ఒక పంతులి జీతంతో వందల మందికి చదువు చెప్పేయొచ్చని! 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, మన తెలుగుకు వ్యాకరణం రాసినాయనే, తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. 533 బడులు, అందులో 226 తెలుగువి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే తీరును మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. జనం చితికిపోయి బడులు మూతపడుతున్నాయనీ అందులోనే రాశాడు. మొదటి మాట దొరలకు వినబడింది, రెండోది వినబడలేదు.

మన సంగతి చెప్పాలా? ఆ వీధిబడుల వారసులమైన మనం కార్పొరేట్ కాలేజీల్లో పక్కవాడితో మాట్లాడితే గెటౌట్ అంటున్నాం. నాలుగు బిట్లు ఎక్కువ చేయించడానికి మౌనవ్రతం పెట్టించి, ఆ పిల్లల్నే పై చదువుకు అమెరికా పంపుతున్నాం, అక్కడ డాలర్లు కట్టి పక్కవాడితో మాట్లాడ్డం నేర్చుకోమని.

పంపండి, తప్పులేదు. అడ్మిషన్ ఆఫీసు వాళ్లను మాత్రం స్విమ్మింగ్ పూలు, లైబ్రరీ సంగతులు అడక్కండి. ఫస్టియర్ ఫిజిక్స్‌లో మా పిల్ల పక్కన వచ్చి కూర్చునేదెవరు, అతనికి మీరిచ్చేదెంత అని అడగండి. రెండోదానికి అంకెలో జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి.