రేపటిరావు గారు

మాదాపూర్ ఆఫీసుల్లో అంతస్తుకొక రేపటిరావు గారుంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంటుంది. ఇది క్యాంటీన్‌లో కుర్రాళ్లు పెట్టింది. కొత్త ప్రాజెక్టు మొదలై, డేటాబేస్‌తో మాట్లాడటానికి ఏ లైబ్రరీ వాడదామన్న మాట రాగానే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెడతారు. "అంతా బాగానే ఉంది నాన్నా. రేపు డేటాబేస్ మారిస్తే?" అంటారు. అంతే, మీటింగ్ అక్కడే ఆగిపోతుంది. రేపటి సంగతి అడిగితే ఇవాళ ఎవడు జవాబు చెప్పగలడు?

ఆయన అమీర్‌పేటలో విజువల్ బేసిక్ 6 నేర్చుకుని ఈ రంగంలోకి వచ్చిన మనిషి. చేతికొచ్చిన మొదటి పనిముట్టు ఓడీబీసీ. 1992లో మైక్రోసాఫ్ట్ దాన్ని తెచ్చేదాకా ఏ డేటాబేస్ లైబ్రరీ దానిదే, ఏ తంతు దానిదే. ఓడీబీసీ వచ్చాక ప్రోగ్రామ్ ఒకే తీరుగా అడిగితే చాలు, డ్రైవర్ అనే దుబాసీ దాన్ని ఓరకిల్‌కీ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కీ అర్థమయ్యేట్టు చెబుతాడు. 1997లో జావా వాళ్లకు జేడీబీసీ దొరికింది. పెర్ల్, పైథాన్, పీహెచ్‌పీ వాళ్లు కూడా తలా ఒకటి కట్టుకున్నారు. ఇంతమంది ఊరికే కట్టుకుంటారా అన్నది రావుగారి వాదన. దానికి ఎదురు చెప్పడం కష్టమే.

ఇంకో అస్త్రం కూడా ఉంది. "2011లో మైక్రోసాఫ్టే చెప్పిందయ్యా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఓఎల్ఈ డీబీ అనే ఇంకో దారి ఆపేస్తున్నాం, ఓడీబీసీకి వచ్చేయండని!" నిజమే, చెప్పింది. 2017లో అదే మైక్రోసాఫ్ట్ ఆ మాట వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది ఓఎల్ఈ డీబీకి కొత్త డ్రైవర్ విడుదల చేసిందన్న రెండో సగం రావుగారి నోట ఎవరూ వినలేదు.

ఎదుటి కుర్చీలో పోస్ట్‌గ్రెస్ కుర్రాడు. వాడికి రేపటితో పనిలేదు, ఇవాళ రాత్రి లోడ్ చేయాల్సిన లక్షల వరుసలే వాడి బాధ. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ అనే కమాండ్ ఉంది, డేటాను ధారగా లోపలికి పోసేస్తుంది. జేడీబీసీ ప్రమాణంలో దానికి చోటు లేదు, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ సొంతంగా ఇచ్చే కాపీమేనేజర్‌ని పిలవాలి. పిలిస్తే కోడ్ ఆ డేటాబేస్‌కి కట్టుబడిపోతుంది. "వద్దు నాన్నా, మామూలు ఇన్సర్ట్‌తోనే కానీ" అంటారు రావుగారు. కుర్రాడు "సరే సార్" అంటాడు. రాత్రి పదకొండుకి మొదలైన లోడ్ తెల్లారి టిఫిన్లవేళకి కూడా నడుస్తూనే ఉంటుంది.

పైగా ఆ 'అందరికీ ఒకటే' అన్నదీ పూర్తిగా ఒకటేమీ కాదు. పైథాన్ వాళ్ల డీబీ-ఏపీఐ చూడండి. క్వెరీలో విలువ రావాల్సిన చోట ఏ గుర్తు పెట్టాలన్నదానికి ఆ ప్రమాణమే ఐదు పద్ధతులు ఒప్పుకుంది. ఎస్‌క్యూలైట్‌కి ప్రశ్నార్థకం పెడితే చాలు. పోస్ట్‌గ్రెస్‌కి వాడే సైకోపీజీ శాతం గుర్తు పక్కన ఎస్ అడుగుతుంది. ఓరకిల్ డ్రైవర్‌కి కోలన్ పెట్టి పేరు రాయాలి. లైబ్రరీ పేరు మార్చి ఊరుకుందామంటే కుదరదు, ప్రతి క్వెరీనీ తిరగేయాల్సిందే.

ఇన్నేళ్లకు రావుగారి రేపు నిజంగానే వచ్చింది. లైసెన్సు బిల్లు చూసి యాజమాన్యం ఓరకిల్ వదిలి పోస్ట్‌గ్రెస్‌కి మారదామంది. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. అందరి ముందూ కనెక్షన్ స్ట్రింగ్ మార్చి, డ్రైవర్ మార్చి, "చూశారా!" అన్నారు. కనెక్షన్ దొరికింది. మొదటి క్వెరీ పడిపోయింది.

క్వెరీల నిండా ఓరకిల్ సొంత మాటలే. రోనమ్ అంటే ఏమిటని అడిగింది పోస్ట్‌గ్రెస్. ఎన్‌వీఎల్ తెలియదంది, సిస్‌డేట్ తెలియదంది, డ్యూయల్ అనే టేబుల్ ఎక్కడుందంది. జేడీబీసీ ఎస్‌క్యూఎల్‌ని మోసుకెళ్తుందే గానీ తిరగరాయదు. అవన్నీ నయం, కనీసం ఎర్రర్ ఇచ్చాయి. నోరెత్తకుండా దెబ్బకొట్టింది ఇంటిపేరు. ఓరకిల్‌లో ఖాళీ స్ట్రింగూ, విలువే లేదని చెప్పే నల్లూ ఒకటే. పైగా నల్‌కి ఇంకో పేరు అతికిస్తే ఆ పేరైనా మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్ రెండు నిలువు గీతలతో నల్‌ని అతికిస్తే మొత్తం నల్ అయిపోతుంది. రిపోర్టులో ఇంటిపేరు రాయని కస్టమర్లందరి పేర్లూ తెల్లగా వచ్చాయి. బిల్లు మొత్తాలు మాత్రం పైసలతో సహా సరిపోయాయి, అందుకే రెండు వారాలు ఎవరూ పట్టుకోలేదు. ఓరకిల్ సొంత భాష పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రొసీజర్ల సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మంచిది.

అలాగని ఆయన్ని తీసిపారేయడానికి లేదు. పది మంది కస్టమర్లకు ఒకే సాఫ్ట్‌వేర్ అమ్ముతూ, ఒకరి దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్, ఇంకొకరి దగ్గర మైఎస్‌క్యూఎల్ ఉన్నచోట రావుగారి మాటే చెల్లుతుంది. ఎక్సెల్ లోంచి ఏదో ఒక డేటాబేస్‌ని తాకాలన్నా అంతే. తన ఒక్క ప్రాజెక్టు ఒక్క డేటాబేస్ మీద పదేళ్లు నడుస్తున్నా, ఆయన ఆ పది మంది కస్టమర్ల కోసమే రాస్తుంటారు, అదొక్కటే చిక్కు.

మొన్న అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ ఓడీబీసీతో తగువు పడింది. డేటాబేస్ వివరాలు దాచుకునే డీఎస్‌ఎన్ పెట్టారు, పేరు కళ్లెదుట కనిపిస్తోంది, ఎక్సెల్ మాత్రం అలాంటిది లేదంటోంది. పోస్ట్‌గ్రెస్ కుర్రాడు గంటసేపు తల పట్టుకుని, చివరికి వెళ్లి రావుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన నిలబడే మౌస్ అందుకున్నారు.

"మీ ఎక్సెల్ 32 బిట్‌దమ్మా. మీరు డీఎస్‌ఎన్ పెట్టింది 64 బిట్ ఓడీబీసీ సెట్టింగుల ప్రోగ్రాములో. రెండు ప్రోగ్రాముల ఫైలు పేరూ ఓడీబీసీఏడీ32 అనే ఉంటుంది."

"మరి 32 బిట్‌ది ఎక్కడుంటుంది సార్?"

"సిస్‌వావ్64 ఫోల్డర్లో."

"అయితే 64 బిట్‌ది?"

"సిస్టమ్32లో" అన్నారు రావుగారు, ఆ రోజుకి మొదటిసారి నవ్వుతూ.