మధ్యాహ్నం సున్నా

సూళ్లూరుపేట స్టేషన్లో పొద్దున్నే చెన్నై లోకల్ ఎక్కే జనంలో గుండె పెద్దాయన్ని పోల్చుకోవడం తేలిక. చేతిలో పట్టుచీరల కొట్టు సంచి ఉంటుంది. అందులో చీర ఉండదు. యాంజియో సీడీ, పాత ఈసీజీలు, మాత్రల అట్టలు, వాటి మధ్య నలుగుతూ ఒక అరటిపండు. పక్క సీటాయన సంచి వంక చూస్తే చాలు, "స్టంటు" అంటాడు. ఎన్నని అడక్కముందే రెండు వేళ్లు చూపిస్తాడు. ఎదుటివాడిది ఒకటే అయితే ఆ రైలు దిగేదాకా ఈయనే సీనియర్.

మాత్రల పేర్లతో ఆయనకు పనిలేదు. అటోర్వాస్టాటిన్ అనడానికి డాక్టర్లకే నోరు తిరగదు, ఈయనకేం తిరుగుతుంది? పొద్దుటి తెల్లది, రాత్రి పొడుగుది, ఉచ్చ మాత్ర, నాలిక్కింద బిళ్ళ. పద్ధతిగా సాగిపోయే సంసారం. చిక్కల్లా మందుల షాపులోనే. అదే మందు ఇంకో కంపెనీది ఇస్తే, నిన్నటి తెల్లది ఇవాళ గులాబీ రంగులో వస్తుంది. "అదే మందు తాతా" అంటాడు షాపు కుర్రాడు. "అదే మందయితే రంగెందుకు మారుద్ది రా?" అంటాడు ఈయన. కొత్తది కొంటాడు, పాతది అయిపోయేదాకా రెండూ కలిపి మింగుతాడు. డబ్బు పోసి కొన్నది పారేస్తామా?

ఉచ్చ మాత్రకు ప్రయాణాల రోజున, పెళ్లిళ్ల రోజున సెలవు. ఒంట్లో నీరు తీసేసే మాత్ర అది. మానితే కాళ్లు వాస్తాయని, ఆయాసం వస్తుందని డాక్టరు చెప్పకపోలేదు. "నాయుడుపేట దాటినాక బస్సు ఆపమంటే ఆ డాక్టరొచ్చి ఆపిస్తాడా?" ఈ ఒక్క వాదనకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నాలిక్కింద బిళ్ళ, అదే సార్బిట్రేట్, చొక్కా జేబులో చెంగాళమ్మ కుంకం పొట్లంతో కాపురం చేస్తుంటుంది. నాలుక కింద కరిగితే నేరుగా రక్తంలో కలిసి నిమిషాల్లో నొప్పి తగ్గిస్తుంది. మింగితే చాలావరకు కాలేయమే మధ్యలో పట్టుకుని విరిచేస్తుంది. పెద్దాయన రెండు పద్ధతుల్నీ గౌరవిస్తాడు. ముందు నాలుక కింద పెట్టి, ఆ వెంటనే గ్లాసెడు నీళ్లు తాగుతాడు. డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో గుండెనొప్పికని డాక్టర్లు నైట్రోగ్లిజరిన్ రాసిచ్చారు. పేలే సరుకే, మందూ అదే. సార్బిట్రేట్ దాని దాయాది. ఈ ముక్క ఎవరో చెవిన వేసినప్పటి నుంచి పెద్దాయన జాగ్రత్త పెరిగింది. బీడీ ముట్టించేటప్పుడు ఆ జేబుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

రాకెట్లు ఎగరేసే షార్ పక్కన పుట్టి పెరిగిన మనిషికి సైన్సు తెలియదనుకుంటే పొరపాటు. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణిని మోసుకుపోతుంటే మిద్దె మీంచి చూశానంటాడు. (సూళ్లూరుపేటలో ఆనాడు ఉన్న మిద్దెల కంటే వాటి మీంచి చూసినవాళ్లే ఎక్కువ.) "పీఎస్ఎల్‌వీకి దశలు నాలుగు, గుండెకు గదులు నాలుగు. రెండూ ఒకటే లెక్క" అని మొదలుపెడతాడు. కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజే రాత్రి మాత్ర ఆపేశాడు. "పనైపోయిన దశ ఊడి సముద్రంలో పడిపోబళ్ళా? పైదాకా మోసుకుపోతారా ఎవురైనా?" ఆ అంకె నార్మలుకొచ్చిందే మాత్ర వల్లని, ఆపితే కొన్ని వారాల్లో పాత చోటికే పోతుందని కొడుకు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. షార్‌లో పనిచేసిన కొడుకైతే వినేవాడేమో. ఈ కొడుకు బ్యాంకు గుమాస్తా.

అసలు విద్య మందుల చీటీ చదవడంలో ఉంది. 1-0-1 అని డాక్టరు రాస్తే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని మనం చదువుకుంటాం. పెద్దాయన సున్నాను చదువుతాడు. "ఆ ఖాళీ ఎందుకు ఇడిచిపెట్టినాడు? పెద్ద డాక్టరు గదా, కషాయం తాగమని నోటితో చెప్పలేడు. చోటిచ్చినాడు." ఆ సున్నాలోకి తెల్లమద్ది చెక్క పాలల్లో కాగి దిగుతుంది. దాని వెనక తేనెలో నానిన వెల్లుల్లి, దగ్గుకని బుగ్గన అతిమధురం పుల్ల.

ఆయన్ని చూసి మరీ నవ్వనక్కర్లేదు. తెల్లమద్దిని గుండెకు వాడటం వాగ్భటుడి నాటి సంగతి. సర్పగంధ వేరు బీపీ దించుతుందని 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ లెక్కలతో చూపిస్తే లండన్ పత్రిక అచ్చువేసింది. డిజాక్సిన్ పుట్టిందీ చెట్టు ఆకులోంచే. 1785లో ఆ జాతి ఆకు మీదే పుస్తకం రాసిన విలియం వితరింగ్, అందులో సగం గొడవ మోతాదు గురించే పడ్డాడు. పెద్దాయన మోతాదు గుప్పెడు. గుప్పెడు ఎవరిదంటే, ఆ రోజు కషాయం కాచినవాళ్లది. రక్తం పలచన చేసే మాత్రల మీద అన్నేసి వెల్లుల్లిపాయలు పడితే గడ్డం గీసుకున్న గాటు ఎంతకీ ఆరదు. బ్లేడు మంచిది కాదంటాడు.

మొన్న చెన్నైలో డాక్టరు బీపీ చూసి మొహం చిట్లించారు. "ఇంకేమైనా వాడుతున్నారా?"

"ఏం లేదు సార్. మీరిచ్చినవే."

బయటికొచ్చాక కొడుకు గట్టిగా అడిగాడు, కషాయం సంగతి ఎందుకు చెప్పలేదని. "ఆయన అడిగింది మందుల సంగతి రా. చెక్క మందెట్టవుద్ది?"

అతిమధురం ఒంట్లో ఉప్పూనీరూ నిలబెడుతుంది, పొటాషియం బయటికి పంపుతుంది. పుల్ల నమిలేకొద్దీ బీపీ ఎక్కుతుంది. డాక్టరుకు పుల్ల సంగతి తెలియదు కనక ఇంకో మాత్ర పెంచారు. చీటీలో 1-1-1. తిరుగు రైల్లో పెద్దాయన ఆ మధ్య ఒకటిని గూడూరు టీసీ టికెట్టు చూసినట్టు చాలాసేపు చూశాడు. తడ దాటాక కొడుకు వైపు తిరిగాడు.

"చూశావా అబ్బయా, ఇంగిలీషు మందు పనిచేయడంలే. రేపట్నుంచి పుల్లలు రెండు."