మచ్చు చూడని బేరం

ఈఏపీసెట్ ఫలితాలొస్తే చాలు, గుంటూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు మొలుచుకొస్తాయి. సూటూ టై తొడుక్కున్న కుర్రాడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. తల మీద ‘నూరు శాతం ప్లేస్‌మెంట్లు’, కాళ్ల దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో ‘అర్హులకు మాత్రమే’. మొదటిది బస్సులోంచే కనిపిస్తుంది. రెండోది చదవాలంటే నిచ్చెన వేసుకోవాలి.

ఇప్పుడు దానికో కొత్త తోక: ‘చదువుతూనే ఉద్యోగానుభవం’. ఆలోచన మంచిదే. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే అధ్యాపకుడు మొదలుపెట్టాడు. కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు కార్ఖానా, పని చేసినన్నాళ్లూ జీతం. మన దేశంలో పిలానీ బిట్స్ 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ పేరుతో పిల్లల్ని పరిశ్రమలకు పంపుతోంది. మన రాష్ట్రమూ 2020లో డిగ్రీ చదువుకు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది.

మనవాళ్లు ఊరుకుంటారా, ఇంకా మెరుగుపరిచారు. సిన్సినాటిలో కంపెనీ పిల్లాడికి జీతమిస్తే, ఇక్కడ పిల్లాడే డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. నాలుగు వీడియోలు రెండింతల వేగంతో తిప్పేస్తే పీడీఎఫ్ వచ్చి వాలుతుంది. కింద సీఈవో సంతకం. ఆఫీసు ఎక్కడుందో ఆ సీఈవోకే తెలియాలి. రిపోర్టు సీనియర్‌ది, బైండింగ్ గుంటూరు బ్రాడీపేట జిరాక్స్ షాపుది, అట్ట మీద పేరొక్కటే మనవాడిది. వైవాలో “ఏం నేర్చుకున్నావు?” అంటే “టీమ్‌వర్క్ సార్” అంటాడు. అబద్ధమేం కాదు, క్లాసంతా కలిసి ఒకే రిపోర్టు పెట్టారు మరి.

పోనీ ఇక్కడ పని లేదా అంటే, ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి యార్డు గుంటూరులోనే ఉంది. చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు. లాంలో మిర్చి, పత్తి రకాల మీద పరిశోధన చేసే కేంద్రం. కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ మొరాయిస్తే మెకానికల్ పిల్లాడికి పాఠం. మిల్లు మోటారు కాలితే ఎలక్ట్రికల్ పిల్లాడికి పాఠం. 2021లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ఊడ్చిపెట్టింది. పూత ఫొటో చూసి పురుగును పసిగట్టే ప్రోగ్రాం రాయడం కంటే కంప్యూటర్ పిల్లలకు మంచి ప్రాజెక్టు ఏముంటుంది? కానీ యార్డులో తుమ్ములొస్తాయి, మిల్లులో ఒళ్లంతా దూదవుతుంది. పైగా సర్టిఫికెట్ మీద ‘గ్లోబల్’ అన్న మాట పడదు.

యార్డులో మచ్చు చూడకుండా ఏ వ్యాపారీ ధర పలకడు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు కాయ లాగుతాడు. రంగు, తొడిమ, చెమ్మ, తాలు అన్నీ చూస్తాడు. పైన నాలుగు మంచి కాయలు పేర్చితే బేరం కుదరదని మిర్చి రైతుకు ఒకరు చెప్పాలా? అదే రైతు కొడుకు నాలుగేళ్ల చదువును మాత్రం ఫ్లెక్సీ చూసి కొంటున్నాడు!

అయ్యా, అమ్మా, ఫీజు కట్టేముందు అక్కడా చెయ్యి లోపలికి పెట్టండి. పోయినేడు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన పిల్లలు ఏ కంపెనీలో ఏ పని చేశారు? ఎందరికి నెలనెలా స్టైపెండ్ బ్యాంకులో పడింది? వాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడిస్తారా? మాట్లాడిస్తే సీటు తీసుకోండి. “అదంతా ఆన్‌లైనండీ” అన్నారంటే డబ్బు జేబులోనే ఉంచుకుని బస్టాండు దారి పట్టండి.