ఒక రీసేల్ ఫ్లాటు ఆత్మకథ

రీసేల్ ఫ్లాటు ధరలో రెండు భాగాలుంటాయి. ఒకటి నేల వాటా, రెండోది దాని మీది కట్టడం. మంచి పేటలో నేల విలువ పెరుగుతూ పోతుంది, కట్టడం విలువ ఏటా తరుగుతుంది. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న ఫ్లాటు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి దగ్గర్లో, 1996లో కట్టిన నాలుగంతస్తుల భవనంలో, రెండో అంతస్తులో ఉంది. 1,050 చదరపు అడుగులు, రెండు పడక గదులు, తూర్పు గుమ్మం, 40 గజాల అవిభక్త వాటా. చేతులు మారి మూడో యజమాని దగ్గరున్న ఇల్లు కనుక, తనను తాను మూడో మనిషిలా చూసుకోవడం దానికి అలవాటే. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నడిచింది. ఆ రెండింటికీ ఈ ఫ్లాటు చేసిందేమీ లేదు, ధర మాత్రం పెరిగింది. మరమ్మతు నేల ధరను అంగుళమైనా కదపలేదు. ఇల్లు పాతదైందంటూ కొనేవాళ్లు బేరంలో కోసే సొమ్మును తగ్గిస్తుంది, అంతే.

కాబట్టి ఖర్చుకు హద్దు ముందే కట్టుకోవాలి. అదే భవనంలో బాగు చేసిన ఫ్లాటు ఎంతకు పోయింది, చెయ్యి పెట్టని ఫ్లాటు ఎంతకు పోయింది అని ఆరా తీయాలి. ఆ రెంటి తేడాకు మించి పెట్టిన రూపాయి తిరిగి రావడం కష్టం. ఇందుకు రిజిస్ట్రేషన్ కాగితంలోని అంకె ఒక్కటే చాలదు. అసలు బేరం ఎంతకు తెగిందో చాలాసార్లు వాచ్‌మన్‌కే బాగా తెలుస్తుంది.

పనుల వరసలో మొదటిది నీళ్లు. మొదటి యజమాని 2009లో అమ్మకానికి పెట్టేముందు చేయించింది రంగులు ఒక్కటే. హాలు గోడకు అవతలి వైపు బాత్రూము. ఆ గోడ అడుగున మోకాలెత్తు వరకు చెమ్మ మరక, మరక అంచున తెల్లటి ఉప్పు. దాన్ని గీకి, పుట్టీ పట్టించి, రంగు వేయించాడు. నెల తిరక్కుండానే పుట్టీ పెచ్చులుగా లేచింది. కొనడానికి వచ్చినవాళ్లు అక్కడ వేలితో నొక్కి చూసి, మాటల్లో పెట్టకుండా బేరంలో పెట్టారు. గోడ లోపల ఏం జరుగుతోందో ఇంటికి తెలిసినా, చెప్పడానికి దానికి ఉన్నది ఆ మరకే.

అసలు తప్పు గోడది కాదు. బాత్రూము కింద స్లాబును అడుగు లోతు దించి, అందులో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలు నింపుతారు. నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గర అతుకు వదిలితే నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో నిలుస్తాయి. అక్కణ్నుంచి పక్క గోడలోకి పాకుతాయి, కింది ఇంటి సీలింగులోకి దిగుతాయి. చెమ్మ తగిలిన ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకని అది కాంక్రీటును లోపలి నుంచి చీల్చి పెచ్చులూడదీస్తుంది. దీన్ని రెండో యజమాని సరిగ్గా పట్టించుకున్నాడు. టైల్సు పగలగొట్టించి, ఇటుక ముక్కలన్నీ తోడించి, తుప్పు పట్టిన జి.ఐ. పైపుల బదులు సి.పి.వి.సి. వేయించాడు. స్లాబుకూ, చుట్టూ గోడలకు అడుగెత్తు దాకా వాటర్‌ప్రూఫింగ్ పూయించాడు. తరవాత ట్రాపు మూసి, నీళ్లు నింపి, రెండు రోజులు వదిలేశాడు. కింది ఇంటివాళ్ల సీలింగులో చుక్క కనబడలేదని చూసుకున్నాకే టైల్సు పరిపించాడు. ఇంత పనీ టైల్సు కిందకి వెళ్లిపోతుంది, కొనేవాళ్ల కంటికి ఆనదు. అందుకే పని జరుగుతుండగా తీసిన ఫొటోలు దాచుకోవడం అవసరం.

రెండో పని కరెంటు. 1996 నాటి వైరింగు ఫ్యాన్లు, లైట్లు, ఒక ఫ్రిజ్ అనుకుని వేసింది. ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మామూలు పవర్ సాకెట్లకు 2.5, లైట్లకు 1.5 సరిపోతాయి. మంచి ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. గోడలు కోసే పని కాబట్టి ఇది రంగులకు ముందే ముగియాలి.

వంటగదిలో డబ్బు సింకు కింద పెట్టాలి. పైకి మెరిసే పార్టికల్ బోర్డు అరలు అక్కడి తడికి రెండు మూడేళ్లలో ఉబ్బిపోతాయి. ఐ.ఎస్. 710 (మెరైన్) ప్లైవుడ్ ఖరీదెక్కువైనా నిలుస్తుంది. ఆగ్నేయంలో ఉన్న వంటగదిని కదిలించి హాలు పెద్దది చేద్దామనే ఆలోచన తెలుగువాళ్ల బజారులో నష్టమే. వాస్తుమీద నమ్మకం లేని యజమాని కూడా, నమ్మే కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకోవాల్సిందే.

ఈ ఫ్లాటు గచ్చు మొజాయిక్. దాని మీదే విట్రిఫైడ్ టైల్సు పరిస్తే గచ్చు లేస్తుంది, తలుపులు అడుగున కోయాల్సి వస్తుంది, బాల్కనీలోనూ పరిస్తే గడప ఎత్తు తగ్గి వాన నీళ్లు గదిలోకి రావచ్చు. మొజాయిక్ బాగుంటే పాలిష్ చేయించడమే మేలు. బల్లార్షా టేకు ద్వారబంధాలు పీకించి రెడీమేడ్ తలుపులు పెట్టించడం కొత్తదనం కాదు, ఉన్నది పోగొట్టుకోవడం. పదడుగుల ఎత్తు హాలుకు ఫాల్స్ సీలింగు అడుగు దాకా తినేస్తుంది.

ముట్టకూడనివి స్తంభాలు, బీములు. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడ తీయాలన్నా స్ట్రక్చరల్ ఇంజినీరు చూడందే సుత్తి ఎత్తకూడదు. బాల్కనీ మూసి గది చేస్తే చదరపు అడుగులు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, మంజూరైన ప్లానులో ఆ గది ఉండదు. కొనేవాళ్లకు అప్పిచ్చే బ్యాంకు పంపిన వాల్యుయర్ ప్లాను పట్టుకునే వస్తాడు. లిఫ్టు, బోరు, బయటి గోడల రంగు ఒక్క ఫ్లాటు చేతిలో లేనివి. వాటికోసం అసోసియేషన్‌లో పోరాడటం లోపల ఇంకో షాండ్లియర్ వేలాడదీయడంకన్నా లాభసాటి.

చివరిది బిల్లుల ఫైలు. రెండేళ్లు దాటాక అమ్మిన ఇంటి మీద లాభం దీర్ఘకాలిక మూలధన లాభం. ఇంటి విలువ పెంచేలా చేయించిన పనుల ఖర్చును కొన్న ధరకు కలుపుకోవచ్చు. రంగులు, చిల్లర మరమ్మతులు సాధారణంగా అందులోకి రావు. 2024 జులై 23 నుంచి పన్ను రేటు 12.5 శాతం, ద్రవ్యోల్బణ సవరణ లేదు. ఆ తేదీకి ముందే కొన్న ఇంటికి, మన దేశంలో నివాసులైన వ్యక్తులు సవరణతో 20 శాతం లెక్క కూడా వేసి, రెంటిలో తక్కువ పన్ను కట్టవచ్చు. అమెరికాలో స్థిరపడి ఇక్కడి ఫ్లాటు అమ్ముకునే నాన్ రెసిడెంట్లకు ఆ వెసులుబాటు లేదు. మేస్త్రీకి చేతికిచ్చి రసీదు తీసుకోని డబ్బును లెక్కలో చూపించడం ఎవరికైనా కష్టమే.