రొయ్యకున్న యోగం

వచ్చే జన్మంటూ ఉంటే నాగాయలంక దగ్గర వనామీ రొయ్యగా పుట్టించమని మొక్కుకోండి. వైద్యం విషయంలో దానికున్న యోగం ఈ గడ్డ మీద మనిషికి లేదు. చెరువుకి శానిటైజర్ కొట్టాలంటే మన రైతు ముందు సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతాడు. పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, విబ్రియో ఉందా అని రిపోర్టు రాయించుకుంటాడు. ఎకరానికి ఎంత మోతాదో టెక్నీషియన్‌ని రెండుసార్లు అడుగుతాడు. మందు పడ్డాక చెక్ ట్రే ఎత్తి, మేత తిన్నాయో లేదో చూసుకుంటాడు. లక్షల వ్యవహారం మరి!

తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ల్యాబూ లేదు, మోతాదూ లేదు. "నేనే తాగాను, నాకేం కాలేదు" అని ఫోన్‌లో ఎవడో అంటే చాలు.

ఈ విద్యకి పెద్దల్లో ఒకడు అమెరికా జిమ్ హంబుల్. బంగారం వెతుక్కుంటూ దక్షిణ అమెరికా అడవులకు వెళ్లాడు. తోటివాళ్లకు మలేరియా వస్తే, నీళ్లు శుద్ధి చేసే ద్రావణం పట్టించి తగ్గించానన్నాడు. సోడియం క్లోరైట్‌లో సిట్రిక్ యాసిడ్ కలిపితే పుట్టే క్లోరిన్ డయాక్సైడ్ ఆయన దివ్యౌషధం. మన ఆక్వా షాపుల్లో చెరువు నీటికి అమ్మే సరుకే! ఆయన దాన్ని క్యాన్సర్‌కీ ఎయిడ్స్‌కీ కూడా రాసిచ్చాడు. దానికో చర్చి, తనకో ఆర్చ్‌బిషప్ హోదా. తాగితే వాంతులయ్యాయా? మందు పనిచేస్తున్నట్టేనట. రొయ్యలు తేలినప్పుడు ఆ మాట మన టెక్నీషియన్ అని చూడమనండి, అదే చెరువులో ముంచుతారు. అది బ్లీచింగ్ లాంటిదని అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. ఆ చర్చి పేరుతో అమ్మిన ఫ్లోరిడా తండ్రికీ ముగ్గురు కొడుకులకీ 2023లో జైలుశిక్ష పడింది.

ఇలాంటి ప్రయోగాలకి 2020 పుష్కరాల ఏడు. మార్చిలో ఆరిజోనాలో ఒకాయన చేపల తొట్టికి వాడే క్లోరోక్విన్ ఫాస్ఫేట్‌ని కరోనాకి మందనుకుని మింగి పోయాడు. ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో, ఉమ్మెత్తకాయ అచ్చం కరోనా బొమ్మలాగే ముళ్లతో ఉంది కాబట్టి దానికదే మందన్న టిక్‌టాక్ వీడియో నమ్మి, పదిమందికి పైగా దాని రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. మే నెలలో చెన్నైలో ఒక మందుల కంపెనీ మేనేజరు తాము తయారుచేసిన కరోనా మందు తానే తాగి చనిపోయాడు. కాస్త రుచి చూసిన యజమాని స్పృహతప్పి, బతికి బట్టకట్టాడు. కిటుకంతా ఇక్కడే ఉంది. తాగింది ఇద్దరు, "నాకేం కాలేదు" అని చెప్పడానికి మిగిలేది ఒక్కడే.

డాక్టర్లు మాత్రం తాగలేదా అంటారు. తాగారు. 1984లో బారీ మార్షల్ అల్సర్ బ్యాక్టీరియా కలిపిన ద్రవం తాగాడు. కానీ ముందే ఎండోస్కోపీ చేయించుకుని కడుపు బాగుందని రాయించుకున్నాడు, తాగాక మళ్లీ చేయించుకున్నాడు. 2005లో నోబెల్ వచ్చింది.

కాబట్టి ఈసారి బందరు కోనేరు సెంటర్లోనో, గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో ఎవరైనా "నేను వాడుతున్నానండీ" అంటే, వాడకముందు రిపోర్టూ వాడాక రిపోర్టూ చూపించమనండి. లేవంటే దణ్ణంపెట్టి బస్సెక్కండి. 2023 నుంచీ బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది.