పాలిష్ ముహూర్తం

పెళ్ళికి ముహూర్తం పెట్టడం తేలిక. వధూవరులు ఆరేదాకా ఆగనక్కర్లేదు. చిన్న చెక్క పెట్టెకు పాలిష్ ముహూర్తం అలా కుదరదు. చెక్క ఆరాలి, ఫెవికాల్ ఆరాలి, ఆకాశం ఆరాలి, ఇంట్లో మనిషి కోపం చల్లారాలి.

శ్రావణ మాసంలో వాయనంతో పాటు ఇవ్వడానికి కుంకుమ పెట్టెలు చేయడం రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి. నాగోల్‌లో ఈ పిచ్చికి ఖర్చు తక్కువ. ఏ అపార్టుమెంటులో చూసినా ఎవరో ఒకరి ఇంటీరియర్ పని నడుస్తూనే ఉంటుంది, లిఫ్టు పక్కన టేకు ముక్కలు పడే ఉంటాయి. లక్క రేకులకు రాణీగంజ్ వెళ్తాను. మెట్రో మా దగ్గరే మొదలవుతుంది కనుక పారడైజ్ దాకా సీటుకు ఢోకా లేదు. వాటిని నానబెట్టే స్పిరిట్ మాత్రం మండే సరుకు, మెట్రో ఎక్కనివ్వరు. అది స్కూటర్ మీదే రావాలి.

అసలు తగువు ఇక్కడ మొదలవుతుంది. నాలుగు పలకలూ అతికించాక పాలిష్ కొడదామంటే అరచేతిలో పట్టే పెట్టెలో గుడ్డ మూలకు పోదు, వేలూ పోదు. పాలిష్ మాత్రం పోయి అక్కడే లేత పాకంలా గడ్డకడుతుంది. అతుకులోంచి ఉబికిన ఫెవికాల్ తుడిచేశామనే అనుకుంటాం. పాలిష్ పడ్డాక గానీ అది ఎక్కడెక్కడ దాక్కుందో తెలియదు. అది ఉన్నచోట చెక్క పాలిష్ తాగదు, మచ్చ తేలుతుంది. పోనీ ముందే కొడదామా అంటే పాలిష్ ఎక్కిన అంచుకు ఫెవికాల్ పట్టదు. దానికి పచ్చి చెక్కే కావాలి. పైగా అతికించాక బయట చిత్రిక పట్టక తప్పదు, కొట్టిన పాలిష్ అంతా పొట్టులో కలుస్తుంది.

నా పక్షం నేను ఎప్పుడో తేల్చుకున్నాను. అతుకులకు టేపు వేసి లోపలంతా ముందే పాలిష్, తర్వాత అతుకు, ఆపైన చిత్రిక, చివర్లో బయట పాలిష్. లోపల కూడా లక్కే. అవిసె నూనె పూస్తే మూత తీసినప్పుడల్లా ఆ వాసన నెలల తరబడి పలకరిస్తూనే ఉంటుంది.

ఎందుకైనా మంచిదని వీధి చివరి వడ్రంగి మేస్త్రీని అడిగాను. "పాలిష్ మా పని కాదు సార్, పాలిషాయన వేరే ఉంటడు" అన్నాడు. పాలిషాయన్ని పట్టుకుంటే, "వడ్రంగి సాఫ్‌గ చేసియ్యాలె గద సార్" అని మొదలుపెట్టి, "ఎప్పుడు కొట్టాలంటరా? అడ్వాన్స్ వచ్చినంక" అని తేల్చేశాడు.

మనవాళ్ళలో పాతకాలం నుంచీ రెండు పక్షాలూ ఉన్నాయి. కొండపల్లి వాళ్ళది తర్వాత పక్షం. పొణికి చెక్కతో ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికించి, బొమ్మ నిలబడ్డాకే సున్నం, రంగు. ఏటికొప్పాక వాళ్ళు అసలు ఈ తగువే లేకుండా చేసుకున్నారు. అంకుడు కర్ర లేత్ మిషను మీద తిరుగుతుండగానే రంగు లక్క ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. మొగలి ఆకుతో మెరుగు పెట్టి, ఆ తర్వాతే భరిణెను కర్ర నుంచి వేరుచేస్తారు. అంటే అది పుట్టడమే నగలు పెట్టుకుని పుడుతుంది. 2017లో వాళ్ళకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. నన్నడిగితే ఒక్క ఈ తెలివికే ఇవ్వొచ్చు. కానీ నా పెట్టెలు నలుచదరం, లేత్ ఎక్కవు.

ఇక వాన సంగతి. స్పిరిట్ గబగబా ఆవిరవుతూ చెక్కను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ వచ్చి పూతలో చేరుతుంది, పాలిష్ తెల్లబారుతుంది. మే నెలలో ఈ బెడద లేదు, గుడ్డ ఎత్తేలోపే ఆరిపోతుంది. మే నెలలో వాయనాలే ఉండవు. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారమాయె, అప్పటికి మా బాల్కనీలో తువ్వాలే ఆరదు.

"ఏవండీ, ఆ పెట్టెలు అయిపోయాయా, ఇంకా అవుతూనే ఉన్నాయా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది. ఎండ రానీ అంటాను. లక్క పనిలో మంచిరోజు కోసం అతిగా ఆగినవాడు పురోచనుడని ఆమె భారతం తీస్తుంది. లక్క ఇల్లు కట్టి, ఏడాది పాటు సమయం కోసం చూస్తూ కూర్చుంటే, పాండవులే ముందు అంటించేసి వెళ్ళిపోయారు. ఉదాహరణ నాకు నచ్చలేదు గానీ, ఆ మధ్యాహ్నమే మబ్బు కాస్త విడిస్తే బయట పూత మొదలుపెట్టాను.

వాయనంలో వెళ్ళిన పెట్టెలు ఎక్కడికీ పోవు. జాకెట్టు ముక్కలు తిరిగే దారిలోనే అవీ తిరుగుతాయి. కొత్తపేట, వనస్థలిపురం, ఉప్పల్ చుట్టి మళ్ళీ నాగోల్ చేరతాయి. ఈసారి పేరంటం నుంచి మా ఆవిడ ఒకటి పట్టుకొచ్చింది. మూత తీసి నా ముందు పెట్టి, "చూడండి, ఎవరో ఎంత శుభ్రంగా చేశారో. మూలల్లో కూడా పాలిష్ ఉంది" అంది.