లోపలి వైపు

నేను లారీ వెనక డాలాను. విజయవాడ రోడ్డు మీద మీరు ఎప్పుడో ఒకప్పుడు నా వెనకాల వచ్చే ఉంటారు. నడుమ కమలం, దానికి అటొక హంస ఇటొక హంస, కింద పచ్చరంగులో ‘సౌండ్ హారన్’. అదే నేను. తుమ్మ చెక్కను. నాకు రెండు ముఖాలు. బయటి ముఖాన్ని లోకమంతా చూసింది. నేను చెప్పేది లోపలి ముఖం సంగతి.

నన్ను కోదాడలో బాడీలు కట్టే ఒక షెడ్డులో బిగించారు. రంగులు వేయడానికి మునగాల నుంచి సైకిల్ మీద ఒకాయన వచ్చేవాడు. అప్పటికి పాతికేళ్లుంటాయి. బొమ్మలు వేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఐదో తరగతితో బడి మానేసి దుకాణాల బోర్డులు, ఎన్నికలప్పుడు గోడలు, బావి మోటార్ల షెడ్ల మీద నంబర్లు రాస్తూ చెయ్యి తిప్పుకున్నాడు.

ముందు రెడ్ ఆక్సైడ్ పట్టించాడు. సందుల్లో లప్పం నింపి, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దాడు. సుద్దపొడి పూసిన దారం రెండు చివరలా లాగిపట్టి టప్పుమని కొడితే నా మీద గీత పడింది. తర్వాత కమలం. వెడల్పాటి బ్రష్షుకు ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున తెలుపు అద్ది, మణికట్టు ఒక్కసారి తిప్పి ఎత్తేవాడు. ఆ ఒక్క విసురులో రేకు వచ్చేది. లోపల ముదురు, అంచుకు వచ్చేసరికి లేత. రేకు రేకుకీ ఊపిరి బిగబట్టేవాడు. ఆ వెచ్చదనం చెక్కకు తెలిసేది.

ఓనరు డబ్బులిచ్చింది అంతవరకే. లోపలి వైపు వట్టి రెడ్ ఆక్సైడ్ చాలన్నాడు. కానీ ఆ రాత్రి డబ్బాల అడుగున మిగిలిన రంగులు ముందేసుకుని, బల్బు కింద కూర్చుని, ఆయన నా లోపలి వైపు బొమ్మ మొదలుపెట్టాడు. రెండు రాత్రులు వేశాడు. చెరువు పైన ఉంది, ఆకాశం కింద ఉంది. చేపల పొట్టల్లో దీపాలు వెలుగుతున్నాయి. తాటిచెట్లు వేళ్లు పైకెత్తి నడుస్తున్నాయి. నడుమ నాట్లేసే ఆడవాళ్ల వరస, అందరి మొహాలూ నారు రంగు. వాళ్లలో ఒకామె మాత్రం నీళ్లలో కూర్చుని ఉంది. ఆమెకు మొహం లేదు, ఆ చోట ఒక దీపం ఉంది. చిన్నప్పుడే పోయిన తల్లి అట. అది షెడ్డు కుర్రాడితో చెబుతుంటే విన్నాను.

తెల్లారి ఓనరు వచ్చి చూశాడు. “బియ్యం బస్తాలు చూస్తయారా నీ బొమ్మలు?” అన్నాడు.

“కళ్లు మూసుకుంటే కనపడ్డది, వేసిన,” అన్నాడు మా పెయింటరు.

ఓనరు చెరిపించలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తేటప్పుడు గొలుసులు వదిలి నన్ను వాల్చేవాళ్లు. హమాలీలు నా మీంచి నడిచేవాళ్లు, బస్తాలు ఈడ్చేవాళ్లు. గోనెసంచి గరుకుకు ముందు చేపల తోకలు పోయాయి, తర్వాత తాటిచెట్ల వేళ్లు. హమాలీల్లో ఒక పెద్దాయన మాత్రం బస్తా వీపు మీద ఉన్నా కిందికి చూసి, ఆ దీపపు మొహం తప్పించి పక్క నీళ్ల మీద అడుగు వేసేవాడు. నేనెరిగిన మొదటి ప్రేక్షకుడు ఆయనే. ఈవేళ ఆ దీపం చెక్కుచెదరక ఉందంటే ఆయన పాదాల చలవే.

1990 ప్రాంతంలో ఒకసారి మా క్లీనరు ఊరికి పోతే, తోడుగా మా పెయింటరు లారీ ఎక్కాడు. లోడు భోపాల్‌కు. అన్‌లోడింగ్ మర్నాడన్నారు. ఆయన పెద్ద చెరువు చూసొస్తానని నడుచుకుంటూ పోయి, చీకటి పడ్డాక వచ్చాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండానే డ్రైవరుతో చెప్పడం మొదలుపెట్టాడు.

“అన్నా, రోడ్డు మీంచి చూస్తే ఇల్లే కనపడదు. మెట్లు దిగుకుంట పోవాలె. ఒక గదిలో పెద్ద చదువులు చదివినోళ్ల బొమ్మలు. పక్క గదిలో మట్టిగోడల మీద ఏసేటోళ్ల బొమ్మలు. కప్పు ఒకటే అన్నా. జింక కొమ్ములు చెట్టోలె లేస్తున్నయి, ఒళ్లంతా చుక్కలు. అదేసినోడి పేరు కాగితం మీద రాసి పక్కన పెట్టిండ్రు. పేరు పెట్టిండ్రు అన్నా!”

ఆయన చూసింది భారత్ భవన్. ఛార్లెస్ కొరియా కట్టిన ఆ భవనం 1982 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అందులో రూపంకర్ అనే మ్యూజియాన్ని చిత్రకారుడు జె. స్వామినాథన్ నిలబెట్టాడు. కళ నేర్చుకుంటున్న కుర్రాళ్లను పల్లెలకు, అడవులకు పంపి బొమ్మలు వెతికించాడు. అలా పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద బొమ్మతో దొరికినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ప్రధాన్ గోండు. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండులకు కథలు పాడే ప్రధాన్లు లేరూ, ఆ జాతివాడే. పాటలో మాత్రమే ఉన్న దేవతలకు రూపం ఇచ్చాడు. 1989లో అతని బొమ్మలు పారిస్ దాకా వెళ్లాయి.

ఆ తిరుగు ప్రయాణమంతా మా పెయింటరు మాట్లాడలేదు. మునగాల చేరాక నా లోపలి వైపు ఒక మూల వేలితో తడిమి, చిన్న బ్రష్షుతో తన పేరు రాశాడు. అంతకుముందు ఎక్కడా రాసుకోలేదు. ఆరు నెలల్లో బస్తాలు దాన్ని తుడిచేశాయి.

తర్వాతి ఏళ్లు తొందరగా చెప్పేస్తాను. లారీ పాతబడి తుక్కుకు పోయింది. ఓనరు నన్ను ఊడదీసి ఉంచుకున్నాడు. కొన్నాళ్లు దూడల కొట్టానికి అడ్డం, కొన్నాళ్లు టీ హోటల్ ముందు బల్లను. ఒకసారి పట్నంలో ఒక ప్రదర్శనకు అడిగి తీసుకుపోయారు. లోపలి వైపు గోడకు ఆనించి, కమలం ముందుకు పెట్టి, ‘లారీ చెక్క, తెలంగాణ’ అని చీటీ అంటించారు. మా పెయింటరు బస్సెక్కి వచ్చి చూశాడు. చీటీ రెండుసార్లు చదివి, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. తుడిచిపెట్టుకుపోయిన పేరు కంటే అసలు రాయని పేరు ఎక్కువ బాధపెడుతుందని నాకు ఆరోజు తెలిసింది.

మునగాలలో హైవే పక్కన పాత ధాన్యం గోడౌన్ ఒకటి ఉంది. హైదరాబాద్‌లో బొమ్మలు చదువుకుని వచ్చిన మా వీధి పిల్ల దాన్ని అద్దెకు తీసుకుని, సున్నం కొట్టించి, మొన్న సంక్రాంతి వెళ్లాక గ్యాలరీ తెరిచింది. ఈ ఊళ్లో ఎవరొస్తారు అన్నవాళ్లకు ఆమె ఒకటే జవాబు చెప్పింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం తెరవడానికి ముందు నిలబడ్డవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉన్నాడు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నాడు. పట్నంలో తలుపు తెరవగలిగిన ఊరు తన ఇంట్లో తెరవలేదా అని.

ఆమెతో చదువుకున్న స్నేహితులు కాన్వాసులు తెచ్చారు. నన్ను ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాటలు పెరిగాయి. వేరే గదిలో పెడదామన్నాడొకడు. “పక్కన పెడితే అందరూ దాన్నే చూస్తారు,” అని ఇంకొకడు ఉన్నమాట చెప్పేశాడు. ఆమె వాళ్లకు ద్యుబుఫే సంగతి చెప్పింది. ఆ ఫ్రెంచి చిత్రకారుడు పిచ్చాసుపత్రుల్లో, జైళ్లలో, ఒంటరి గదుల్లో ఎవరి మెప్పూ కోరకుండా వేసిన బొమ్మలు పోగేశాడు. 1976లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో వాటికొక మ్యూజియం వచ్చింది. ఆ ఏడే మన చండీగఢ్‌లో రాక్ గార్డెన్ జనానికి తెరిచారు. రోడ్ల ఇన్‌స్పెక్టరు నేక్ చంద్ పగిలిన గాజులు, పెంకులు ఏరి ఏళ్ల తరబడి అడవిలో చాటుగా కట్టిన లోకం అది. “లోజాన్‌లో వాళ్లకు వేరే ఇల్లు కట్టారు. భోపాల్‌లో వేరే గది ఇచ్చారు. మన దగ్గర గోడ కూడా ఒకటే,” అంది.

నాకు ఆమె మాట నచ్చింది. వేరే గది గౌరవంగానే ఉంటుంది, కానీ వేరే గదే. అంత పేరొచ్చాక కూడా జన్‌గఢ్ 2001లో జపాన్‌లో, అక్కడి మ్యూజియానికి బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా ప్రాణం తీసుకున్నాడు. ఆ కబురు ఆమె చెప్పిన రోజు మా పెయింటరు బ్రష్షులు కడుక్కుని పనికి పోకుండా ఇంట్లోనే కూర్చున్నాడట. గోడ మీద చోటు ఇచ్చినంత మాత్రాన మనిషికి తోడు దొరికినట్టు కాదు. అందుకే ఆమె ఆయన్ను రోజూ గోడౌన్‌కు పిలిచేది. కాన్వాసుల పిల్లల పక్కన కూర్చోబెట్టేది. మణికట్టు ఎలా తిప్పాలో వాళ్లు ఆయన్ను అడిగారు. కాన్వాసుకు ముందుగా గెస్సో ఎందుకు పూస్తారో ఆయన వాళ్లను అడిగాడు. “అంటే మా లప్పమే,” అన్నాడు విని.

నన్ను ఇమ్మని అడగడానికి వెళ్లినప్పుడు ముసలి ఓనరు, “చెక్క నాది, బొమ్మ వాడిది. వాణ్ని అడుగు,” అన్నాడట.

ఏ ముఖం ముందుకు పెట్టాలి? ఆ చిక్కు మా పెయింటరే విప్పాడు. “దానికి గొలుసులు ఉన్నయి గద బిడ్డా.” నన్ను నా గొలుసులతోనే దూలానికి వేలాడదీశారు. ఇటు కమలం, అటు చెరువు. పక్క కాన్వాసు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి నన్నూ అంతే ఎత్తుకు లేపారు. చీటీలు అన్నీ ఒకే సైజు. నా దాని మీద మా పెయింటరు పేరు, ఇంటిపేరుతో సహా.

తెరిచిన రోజు ఆయన భార్య వచ్చింది. చదువు రాదు. మనవరాలు వేలు పట్టుకుని ఒక్కో అక్షరం చూపించింది. ఆమె ఆ పేరు దగ్గర కాసేపు నిలబడి, తర్వాత నా వెనక్కి వచ్చి మొదటిసారి చెరువును చూసింది. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి కళ్లు మూసుకుంటే ఏం కనపడేదో ఆమెకు ఆ రోజు దాకా తెలియదు. “అత్తా?” అంది దీపం వైపు చూసి. ఆయన తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఒక లారీ గోడౌన్ ముందు ఆగింది. కుర్ర డ్రైవరు మొహం కడుక్కోవడానికి నీళ్లడిగి, తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కాన్వాసులు చూశాడు. నన్ను ముందు నుంచి చూశాడు, చుట్టూ తిరిగి వెనక నుంచి చూశాడు. చాలాసేపు వెనకాలే ఉన్నాడు. వచ్చి చీటీ చదివాడు.

“ఈ పెయింటరు నంబర్ దొరుకుద్దా? నా బండికి లోపలి వైపు గూడ ఏపించుకుంట.”

మూల స్టూలు మీద కూర్చున్న మా పెయింటరు లేచి చెప్పులు వేసుకున్నాడు. బయటికి నడిచి, లారీ డాలా మీద వేలితో కొట్టి చూస్తూ అడిగాడు.

“చెక్కేంది నాయనా, తుమ్మేనా?”